మీ ప్రశ్నలు – మా జవాబులు: మారుమూల మాగ్నెటిక్ అబ్జర్వేటరీ పెట్టాలంటే

పోయిన సంచికలో భూ అయస్కాంత క్షేత్రం గురించి రాస్తూ చివర్లో ఓ మాట అన్నాను, మారుమూల ప్రాంతాల్లో కొత్త అబ్జర్వేటరీలు, అంటే ఈ క్షేత్రాన్ని ఏళ్ళ తరబడి ఒకేచోట కొలిచే కేంద్రాలు, ఇంకా చాలా కావాలి అని. ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఆ ఒక్క లైను మీదే. ఒకే రకంవి కలిపేసి జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: సర్, పైన ఉపగ్రహాలు తిరుగుతూనే ఉన్నాయి, ఫోన్లో కూడా కంపాస్ ఉంది. మరి ఎవరూ పోని దీవిలో గది కట్టి అయస్కాంత క్షేత్రం కొలవడం దేనికి? డబ్బు దండగ కాదా? – ఇంజినీరింగ్ స్టూడెంట్

జవాబు: చాలామంది ఇదే అంటారులే తమ్ముడూ. స్వార్మ్ అని యూరప్ వాళ్ళ ఉపగ్రహాలు మూడు 2013 నవంబర్ నుంచి ఈ పని మీదే ఉన్నాయి, డేటా కూడా అద్భుతంగా ఉంటుంది. కాకపోతే ఉపగ్రహం సెకనుకి ఏడు కిలోమీటర్ల పైనే పరిగెడుతుంటుంది, రీడింగ్ మారిందంటే అది చోటు మారినందుకా టైము గడిచినందుకా అని విడదీయడం పెద్ద తలనొప్పి. నేలమీద స్టేషన్ ఎక్కడికీ పోదు కాబట్టి అక్కడ ఏం మారినా టైముతోనే మారినట్టు. ఇంకోటి, పగలు ఎండకి సుమారు 110 కిలోమీటర్ల ఎత్తులో అయనోస్ఫియర్‌లో, అంటే విద్యుత్ పారగలిగే పైగాలి పొరలో, కరెంట్లు పారతాయి. స్వార్మ్ తిరిగేది 400 కిలోమీటర్ల పైన. అంటే ఆ కరెంట్లు దానికి కింద, మనకి పైన. రెండు పక్కల నుంచీ కొలిస్తేనే ఏది భూమి లోపలి నుంచి వస్తోంది, ఏది పైనుంచి వస్తోంది అనేది తేలేది.

నీ ఫోన్ కంపాస్ సంగతే చూడు. అది అయస్కాంత ఉత్తరం చూపిస్తుంది, మ్యాప్‌లో ఉండేది అసలు ఉత్తరం, ఆ రెంటికీ మధ్య తేడా ఎంతో ఫోన్‌కి చెప్పేది వరల్డ్ మాగ్నెటిక్ మోడల్. దాన్ని ఐదేళ్ళకోసారి మారుస్తారు. ఉత్తర ధ్రువం దగ్గర క్షేత్రం అనుకున్నదానికంటే తొందరగా మారిపోవడంతో ఐదేళ్ళు ఆగలేక 2019 ఫిబ్రవరిలో మధ్యలోనే సరిచేయాల్సొచ్చింది. ఆ మోడల్ తయారయ్యేది ఉపగ్రహాలూ నేలమీది అబ్జర్వేటరీలూ రెండూ కలిస్తేనే.

సరే మరి మారుమూలే ఎందుకంటావా, అబ్జర్వేటరీల మ్యాప్ ఓసారి తీసి చూడు, యూరప్‌లో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, దక్షిణార్ధగోళంలో సముద్రాల మీదకొచ్చేసరికి ఖాళీ. ఆ ఖాళీ పూడ్చాలనే ఈస్టర్ దీవిలో 2008లో ఫ్రెంచ్ వాళ్ళు, ట్రిస్టన్ డ కున్యాలో 2009లో డెన్మార్క్ వాళ్ళు, సౌత్ జార్జియాలో 2011లో బ్రిటిష్ వాళ్ళు పెట్టుకొచ్చారు. ఇందులో చివరి రెండూ దక్షిణ అట్లాంటిక్ అనామలీ ప్రాంతం కోసం. అక్కడ క్షేత్రం బాగా బలహీనం, ఉపగ్రహాల ఎలక్ట్రానిక్స్‌కి రేడియేషన్ దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే, హబుల్ టెలిస్కోప్ కూడా ఆ ప్రాంతం మీదుగా పోయేటప్పుడు పని ఆపుకుంటుంది.

ప్రశ్న: మా డిపార్ట్‌మెంట్‌కి కొండల్లో ఊరికి చాలా దూరంగా ఒక స్థలం ఇస్తామంటున్నారు. చుట్టుపక్కల మనుషులే లేరు, రోడ్డు కూడా సగం వరకే. ఇంతకంటే ప్రశాంతమైన చోటు దొరకదని మా గైడ్ గారి అభిప్రాయం. సరేననమంటారా? – రీసెర్చ్ స్కాలర్

జవాబు: అప్పుడే సరే అనకమ్మా. మనుషులు లేకపోవడం వేరు, మాగ్నెటిక్‌గా ప్రశాంతంగా ఉండటం వేరు. ముందు కింద రాయి ఏంటో చూడాలి. అగ్నిపర్వతం లావా గడ్డకట్టిన నేల, అంటే బసాల్ట్, అయిందనుకో ఆ రాయే ఒక అయస్కాంతం, కొన్ని చోట్ల ఒక్క మీటరు పక్కకి జరిగితే వందల నానోటెస్లాలు తేడా వస్తుంది. నానోటెస్లా అంటే క్షేత్రం బలాన్ని కొలిచే చిన్న కొలమానం. ఆ తేడా ఎంత ఎక్కువో తెలియాలంటే, భూమి మొత్తం మీద క్షేత్రం సుమారు 22,000 నుంచి 67,000 నానోటెస్లాల మధ్యలో ఉంటుంది, మనం పట్టుకోవాలనుకునేది అందులో ఒక్క నానోటెస్లా, ఇంకా తక్కువ కూడా. సముద్రం మధ్యలో దీవులన్నీ దాదాపు అగ్నిపర్వతాలే కాబట్టి అక్కడ వాళ్ళకి వేరే దారి ఉండదు, ఉన్నంతలో మంచి చోటు వెతుక్కుంటారు. మీకు కొండల్లో వేరే రాయి దొరికే అవకాశం ఉంటే ఆ కష్టం దేనికి?

చూసే పద్ధతి సింపులే. రెండు ప్రోటాన్ మాగ్నెటోమీటర్లు, అంటే క్షేత్రం బలం కొలిచే పరికరాలు, పట్టుకెళ్ళండి. ఒకటి ఒకచోట స్టాండ్ మీద కదలకుండా పెట్టేయాలి, రెండోది పట్టుకుని స్థలమంతా గళ్ళుగళ్ళుగా కొలుస్తూ తిరగాలి, రెంటి తేడా మాత్రమే రాసుకోవాలి, ఎందుకంటే మీరు తిరుగుతున్న ఆ రెండు గంటల్లోనూ క్షేత్రం దానంతటది మారుతూనే ఉంటుంది, ఒక్క పరికరంతో కొలిస్తే అది నేల తేడానో టైము తేడానో ఎవరికీ తెలీదు. ప్రతి పాయింట్‌లో రెండు ఎత్తుల్లో కొలిస్తే ఇంకా మంచిది. మీటరుకి ఒకట్రెండు నానోటెస్లాలకి మించి మారని చోటు దొరికితే గట్టిగా పట్టుకోండి.

ఆ తర్వాత చూడాల్సింది చుట్టుపక్కల ఏముంది, రేపు ఏం రాబోతోంది అని. కారు లాంటి బండి 30 మీటర్ల దూరంలో ఆగితే సుమారుగా ఒక నానోటెస్లా కదులుతుంది, దూరం రెట్టింపైతే అది ఎనిమిదో వంతుకి పడిపోతుంది, కాబట్టి బండ్లు పెద్ద సమస్య కాదు, గేటు దూరంగా పెట్టుకుంటే సరి. కరెంటు తీగ అలా కాదు, తిరుగు తీగ పక్కనే లేకుండా ఒంటి తీగలో ఒక్క ఆంపియర్ డీసీ పారితే 200 మీటర్ల అవతల కూడా ఒక నానోటెస్లా ఉంటుంది. డీసీతో నడిచే రైళ్ళూ ట్రాములూ అయితే మరీ ఘోరం, పట్టాల నుంచి కరెంటు నేలలోకి పారిపోయి పదుల కిలోమీటర్ల దాకా రికార్డులు పాడు చేస్తుంది. బొంబాయిలో కొలాబా అబ్జర్వేటరీని సముద్రం అవతల అలీబాగ్‌కి మార్చింది ఇందుకే, ఊళ్ళో గుర్రాల ట్రాములు పోయి కరెంటు ట్రాములు వస్తున్నాయని తెలిసి. అలీబాగ్ 1904లో మొదలైంది. వెంటనే కొలాబా మూసేయకుండా 1906 దాకా రెండూ పక్కపక్కన నడిపారు, పాత రికార్డుకీ కొత్త రికార్డుకీ లింకు తెగకుండా. వందేళ్ళ కిందట అంత ముందుచూపు. అందుకే చెప్తున్నా, మీకిస్తానన్న స్థలం పక్కన రైల్వే లైను, హైటెన్షన్ లైను, మైనింగ్ ఏమైనా ప్లాన్‌లో ఉన్నాయేమో కలెక్టరాఫీసులో అడిగి తెలుసుకోండి, అలాంటివేం రావని రాతపూర్వకంగా తీసుకోగలిగితే ఇంకా మంచిది.

ఇక మీ గైడ్ గారితో నేను విభేదించేది ఇక్కడ. మనుషులే లేని చోటు నాకు నచ్చదు. అబ్జర్వేటరీకి వారానికోసారైనా ఒక మనిషి నడిచి వెళ్ళి కొలతలు తీయాలి, వానాకాలంలో కూడా, పండగైనా సరే. సగం రోడ్డు లేని చోటికి మొదటి ఏడాది ఉత్సాహంగా పోతారు, మూడో ఏడాది నెలకోసారి పోతారు, ఆ తర్వాత ఎవరో ట్రాన్స్‌ఫరై పోతారు, అంతే. రాయి కొంచెం అటూఇటుగా ఉన్నా పర్లేదు గానీ రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఒక బడో, వాతావరణ కేంద్రమో, ఫారెస్టు ఆఫీసో ఉండి అందులో అక్కడే స్థిరపడ్డ మనిషి ఒకరు ఈ పని నేర్చుకుంటానంటే నేనైతే ఆ స్థలానికే ఓటేస్తా. ట్రిస్టన్ డ కున్యా ప్రపంచంలోకెల్లా మారుమూల అంటారు కదా, అక్కడ కూడా ఊరుంది, ఊళ్ళో మనుషులున్నారు. సౌత్ జార్జియాలో కింగ్ ఎడ్వర్డ్ పాయింట్‌లో అంతకుముందు కూడా ఒక అబ్జర్వేటరీ ఉండేది, 1975 నుంచి 1982 దాకా. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధం రావడంతో ఆగిపోయింది, మళ్ళీ మొదలవ్వడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలం డేటా ఇప్పుడు ఎంత డబ్బు పోసినా రాదు కదా.

ప్రశ్న: నేను సివిల్ కాంట్రాక్టర్ని. ఇలాంటి పని ఒకటి టెండర్‌కి వచ్చింది. స్టీల్ వాడొద్దు, ఇటుక వాడొద్దు, ఇసుక శాంపిల్ పంపమని రాశారు. చిన్న గదికి ఇంత హడావుడా?

జవాబు: గది చిన్నదే గానీ పని చిన్నది కాదండీ. స్టీల్ వద్దనడం మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇటుక ఎందుకు వద్దంటే మట్టిలో ఇనుము ఆక్సైడ్లు ఉంటాయి, బట్టీలో కాలి చల్లారేటప్పుడు అవి అప్పుడున్న భూమి క్షేత్రాన్ని పట్టేసుకుంటాయి, అంటే ప్రతి ఇటుకా ఒక బుల్లి అయస్కాంతం అయి కూర్చుంటుంది. ఇసుకలో నల్ల రేణువులు చూసుంటారు కదా, ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఎండిన ఇసుకలో తిప్పి బయటికి తీయండి, గడ్డంలా వేలాడుతుంటే ఆ ఇసుక పనికిరాదు. కంకర, సిమెంటు, టైల్స్, ఆఖరికి పెయింటు కూడా ఇలాగే పరీక్ష చేయాలి, శాంపిల్ ఒక్కటి పాసైంది కదా అని లారీ మొత్తం దించేయకండి, లోడు లోడుకీ చూడండి. చెక్క, సున్నపురాయి, అల్యూమినియం, ఇత్తడి, రాగి, ఫైబర్‌గ్లాస్ వాడొచ్చు. ఇత్తడి అని అమ్మే మరలు, బందుల్లో చాలావాటికి లోపల ఇనుమూ పైన ఇత్తడి పూత, ఒక్కోటీ అయస్కాంతానికి ఆనించి చూసే పెట్టెలో వేసుకోండి.

అసలు జాగ్రత్త పిల్లర్ల దగ్గర. పరికరం కూర్చునే పిల్లర్‌కి గది ఫ్లోరింగ్ అస్సలు తగలకూడదు, చుట్టూ సందు వదలాలి, లేదంటే మనిషి నడిచినప్పుడల్లా పిల్లర్ ఒరుగుతుంది. ఒరిగితే ఎంత ఒరుగుతుందిలే అనుకోకండి. ఒక ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు, అంత ఒరిగినా 50,000 నానోటెస్లాల క్షేత్రంలో రీడింగ్ పావు నానోటెస్లా జరుగుతుంది. అందుకే పునాది గట్టి రాతి దాకా పోవాలంటారు. వేరియోమీటర్ (క్షేత్రం మార్పుల్ని రాసుకునే పరికరం) ఉండే గదికి గోడలు మందంగా, డబుల్‌గా అడుగుతారు, అది వేడి మారకుండా ఉండటానికి. పని అయ్యాక సైట్‌లో ఒక్క మేకు, ఒక్క బైండింగ్ వైరు ముక్క మిగలకూడదు, మేస్త్రీకి ఇది రోజూ గుర్తుచేయాల్సిందే. రేటు కోట్ చేసేటప్పుడు ఈ తనిఖీల టైము కూడా కలుపుకోండి, లేకపోతే మీకు నష్టం.

ప్రశ్న: ఫోన్లో ఉన్న సెన్సర్‌తో ఇంట్లోనే అబ్జర్వేటరీ నడపొచ్చా?

జవాబు: నడపలేరు. దాని నాయిస్ వందల నానోటెస్లాల్లో ఉంటుంది, మామూలు రోజు క్షేత్రం మారేదే కొన్ని పదుల నానోటెస్లాలు. గోడలో ఇనుప చువ్వ ఎక్కడుందో కనుక్కోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ప్రశ్న: అన్నీ డిజిటల్, అన్నీ ఆటోమేటిక్ అంటారు, మళ్ళీ వారం వారం మనిషి వెళ్ళాలి అంటారు. ఆ మనిషి వెళ్ళి చేసేదేంటి సార్? – ఫిజిక్స్ టీచర్

జవాబు: మంచి ప్రశ్న మాస్టారూ, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా ఇదే. ఆటోమేటిక్‌గా సెకను సెకనుకీ రాసుకునేది ఫ్లక్స్‌గేట్ వేరియోమీటర్. అది క్షేత్రం ఎంత మారిందో చాలా బాగా చెప్తుంది, కానీ అసలు ఎంత ఉందో మాత్రం దాన్ని నమ్మి చెప్పలేం. గోడ గడియారం లాగా నెమ్మదిగా ముందుకో వెనక్కో జరుగుతూ ఉంటుంది, ఎప్పటికప్పుడు సరైన టైముతో పోల్చి చూసుకోవాల్సిందే. వేడికి కొంత, పిల్లర్ ఒరిగి కొంత, ఎలక్ట్రానిక్స్ పాతబడి కొంత. పక్కనే ఒక ప్రోటాన్ లేదా ఓవర్‌హౌసర్ మాగ్నెటోమీటర్ ఉంటుంది, అది క్షేత్రం మొత్తం బలం ఎంతో కచ్చితంగా చెప్తుంది గానీ దిక్కు చెప్పలేదు. దిక్కు కోసమే మనిషి.

ఆబ్సల్యూట్ గదిలోకి, అంటే ఈ అసలు కొలతలు తీసే గదిలోకి, వెళ్ళే ముందు ఆ మనిషి జేబులు ఖాళీ చేయాలి. ఫోను, తాళాలు, బెల్టు, వాచీ, కళ్ళజోడు ఫ్రేములో ఇనుముంటే అదీ, చెప్పుల్లో మేకులుంటే చెప్పులూ, ఆడవాళ్ళయితే జడపిన్నులూ పిన్నీసులూ, అన్నీ బయటే. పిల్లర్ మీద ఇనుము లేని థియోడోలైట్ (సర్వేవాళ్ళు కోణాలు కొలిచే పరికరం) ఉంటుంది, దాని టెలిస్కోప్ మీద చిన్న ఫ్లక్స్‌గేట్ సెన్సర్ బిగించి ఉంటుంది. ముందు కిటికీలోంచి దూరంగా ఉన్న గుర్తుని చూసి స్కేలు రీడింగ్ రాసుకుంటారు. ఆ గుర్తు అసలు ఉత్తరానికి ఎంత కోణంలో ఉందో ముందే సూర్యుణ్ణి చూసో, జీపీఎస్‌తోనో, జైరోతోనో తేల్చి పెట్టుకుని ఉంటారు. తర్వాత టెలిస్కోప్‌ని పడుకోబెట్టినట్టు పెట్టి సెన్సర్ సున్నా చూపించేదాకా మెల్లిమెల్లిగా తిప్పుతారు. సున్నా వచ్చిందంటే సెన్సర్ క్షేత్రానికి సరిగ్గా అడ్డంగా ఉన్నట్టు. ఆ క్షణం గంట, నిమిషం, సెకను రాయాలి. అలా సెన్సర్ పైకీ కిందకీ, టెలిస్కోప్ ఇటూ అటూ నాలుగు పొజిషన్లలో, అప్పుడు సెన్సర్ బిగింపులో ఉన్న చిన్న చిన్న వంకరలు సగటులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇది డిక్లినేషన్, అంటే అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య కోణం. ఇంక్లినేషన్‌కి, అంటే క్షేత్రం నేలకి ఎంత వాలుగా ఉందో చెప్పే కోణానికి, నిలువు తలంలో మళ్ళీ నాలుగు. చివర్లో దూరపు గుర్తుని ఇంకోసారి చూసి రీడింగ్ కదల్లేదని నిర్ధారించుకోవాలి. చెయ్యి తిరిగినవాళ్ళకి అరగంట పని, కొత్తవాళ్ళకి చెమటలు పడతాయి.

ఇలా వచ్చిన కొలత నుంచి అదే సెకనులో వేరియోమీటర్ చూపించింది తీసేస్తే మిగిలేదే బేస్‌లైన్. వారం వారం ఆ బేస్‌లైన్లు గ్రాఫ్ వేస్తే గీత మెత్తగా పోతుండాలి. ఒక్కసారి ఎగిరిందంటే ఏదో కదిలినట్టు, ఎవరో పార వదిలేశారో, దూరపు గుర్తు పెట్టిన స్తంభం ఒరిగిందో. 200 మీటర్ల దూరంలో ఉన్న గుర్తు ఒక్క మిల్లీమీటర్ జరిగితే ఒక ఆర్క్ సెకను తప్పొస్తుంది, అది పెద్దగా ఏం కాదు, అదే పశువులు రుద్దుకుని ఆరు సెంటీమీటర్లు ఒరిగిందనుకోండి, ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో 60వ వంతు) తప్పు, 40,000 నానోటెస్లాల అడ్డ క్షేత్రంలో (క్షేత్రంలో నేలకి సమాంతరంగా ఉండే భాగం) అది దాదాపు 12 నానోటెస్లాలు. కాబట్టి రెండో గుర్తు కూడా ఒకటి పెట్టుకోవడం తెలివైన పని.

మనిషి బదులు మెషీన్ లేదా అంటే ఉంది, ఆటోడిఫ్ అని బెల్జియంలో దూర్బ్ అబ్జర్వేటరీ వాళ్ళు తయారుచేశారు, ఇదంతా తనంతట తనే చేస్తుంది. నాకు దానిమీద గౌరవమే. కానీ అది మొరాయిస్తే బాగుచేసేవాడు విమానమో ఓడో ఎక్కి రావాలి, పక్క ఊళ్ళో మీరు నేర్పించిన టీచర్ అయితే మర్నాడు పొద్దున్నే వస్తారు.

ప్రశ్న: సోలార్ పెడితే సరిపోతుందా? పిడుగుల సంగతేంటి?

జవాబు: సోలార్ బానే ఉంటుంది, కాకపోతే ప్యానెళ్ళలోంచి వచ్చే డీసీ కరెంటు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మారుతూ ఉంటుంది, క్షేత్రం రోజువారీ మార్పు కూడా పొద్దున్నుంచి సాయంత్రం దాకానే. రెండూ కలిసిపోతే కనిపెట్టడం చాలా కష్టం. కాబట్టి ప్యానెళ్ళు, బ్యాటరీలు సెన్సర్లకి దూరంగా, రెండు తీగలూ ఒకదానికొకటి పెనవేసి తీసుకెళ్ళాలి. పిడుగులు మాత్రం మారుమూల స్టేషన్లకి మొదటి శత్రువు. గదుల మధ్య డేటాకి రాగి తీగ బదులు ఆప్టికల్ ఫైబర్ వేస్తే ఒక గదిలో పడ్డ దెబ్బ రెండో గదికి పాకదు. స్పేర్ ఎలక్ట్రానిక్స్ ఒక సెట్టు అక్కడే బీరువాలో ఉండాలి, ఆ బీరువా చెక్కదై ఉండాలి.

ప్రశ్న: పెట్టేశాం సరే, ప్రపంచం ఎప్పుడు గుర్తిస్తుంది? ఆ డేటా వల్ల మాకు ఒరిగేదేంటి? – పేరు రాయొద్దన్న ఓ అధికారి

జవాబు: గుర్తింపు అంటే ఇంటర్‌మాగ్నెట్‌లో, అంటే ప్రపంచ అబ్జర్వేటరీల నెట్‌వర్క్‌లో, చేరడం అండీ. వాళ్ళు ముందు మీ డేటా, బేస్‌లైన్లు చూస్తారు, ఫైనల్ డేటాలో తప్పు 5 నానోటెస్లాల లోపు ఉండాలంటారు. ఇంకా ఈ మధ్య క్వాసీ డెఫినిటివ్ అని, మూడు నెలల్లోపే దాదాపు ఫైనల్ అంత మంచి డేటా ఇవ్వగలిగితే మోడల్ చేసేవాళ్ళు మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారు. ఒరిగేది ఏంటంటే, 1989 మార్చిలో అయస్కాంత తుఫాను (సూర్యుడి నుంచి వచ్చిన దెబ్బకి భూమి క్షేత్రం ఒక్కసారిగా ఊగిపోవడం) వచ్చి కెనడాలో క్యుబెక్ గ్రిడ్ మొత్తం పడిపోయింది, అరవై లక్షల మంది తొమ్మిది గంటల పాటు చీకట్లో ఉన్నారు. మీ ప్రాంతంలో గ్రిడ్‌కీ పైపులైన్లకీ అలాంటిది ఎంత తగులుతుందో లెక్కేయాలంటే మీ ప్రాంతం రికార్డే కావాలి, వేరేవాళ్ళది పనికిరాదు.

కొంత ఫలితం మాత్రం మీ హయాంలో కనిపించదు, అది ముందే చెప్పేయడం మంచిది. 1859 సెప్టెంబర్ 2న, మనకి తెలిసిన అతి పెద్ద తుఫాను రోజున, కొలాబాలో ఎవరో మామూలుగా తమ డ్యూటీ ప్రకారం కొలుస్తూ పోయారు, అడ్డ క్షేత్రం దాదాపు 1600 నానోటెస్లాలు పడిపోయింది. ఆ కాగితాలు బయటికి తీసి 2003లో పేపర్ రాస్తే, ఆ తుఫాను ఎంత పెద్దదో చెప్పడానికి భూమధ్యరేఖకి దగ్గరి వైపు నుంచి ఉన్న ముఖ్యమైన రికార్డు అదే అని తేలింది. మీరు ఫైల్లో రాయాల్సింది కూడా ఇదే, బడ్జెట్ అడిగేటప్పుడు పరికరాలకి ఎంత అని కాకుండా పదేళ్ళ పాటు ఆ ఊరి పరిశీలకుడి జీతానికి ఎంత, ఆయన సెలవు పెడితే చూసుకునే రెండో మనిషికి ఎంత అని. పరికరాలకి ఎవరైనా ఇస్తారు. ఆ రెండో మనిషి జీతం దగ్గరే ఫైలు ఆగిపోతుంటుంది, అది ఆగకుండా చూసే కుర్చీలో మీరే ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.